లింగారావు పటేల్ బావిలో వాచీలు

మంథనిలో లింగారావు పటేల్ ముందు చేతికి వాచీతో కూర్చున్నవాడు వాచీతో లేచిన దాఖలా లేదు. దొంగ అనుకునేరు, అబ్బే, పదిమందికి అన్నం పెట్టే ఆసామి. ఆయనకున్న జబ్బల్లా ఒకటే. వాచీ కనబడితే చెవి దగ్గర పెట్టుకుని వినాలి, విన్నాక నీళ్లలో వెయ్యాలి. ఆ వాచీ తనకేం చెప్పిందో గర్భగుడిలో మాట్లాడినట్టు మెల్లిగా మనకు చెప్పాలి. అది వింటుంటే మనకు ఎండాకాలంలో కూడా చలి పుట్టాలి.

నా సంగతే చెబుతాను. ఎనభైల మొదట్లో కాలువల ఆఫీసు గుమాస్తాగా పెద్దపల్లి నుంచి మంథనికి బదిలీ అయ్యాను. ఆయనింటి వెనక గది ఖాళీగా ఉందంటే అద్దెకు అడగడానికి వెళ్లాను. అసలే నేను పిరికివాణ్ణి. బల్లి అరిస్తే దుప్పటి కప్పుకునే రకం. ఆయన నన్ను కూర్చోమని, పేరు కూడా అడగకుండా చెయ్యి చాపాడు.

"వాచి జర ఇటియ్యి సారూ."

ఇచ్చాను. చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు. గోడ మీద మేకు చప్పుడు చేసినా వినపడేటట్టుంది.

"గిది నీది గాదు."

"మా బాపుది," అన్నాను.

"కుడిచేతికి కట్టుకునెటోడు."

నా నోరు ఎండిపోయింది. మా బాపు నిజంగానే కుడిచేతికి కట్టుకునేవాడు.

"ఆయన పోయినంక గిది మస్తు దినాలు పెట్టెల ఉన్నది. చీకట్ల ఒక్కతే ఉన్నది. బెదిరింది పాపం."

నేను దాహంతో మంచినీళ్ల చెంబు వైపు చెయ్యి చాపేలోగా మా బాపు వాచీ ఆ చెంబులో పడింది. నీళ్ల మీదికి సన్నటి బుడగలు వచ్చాయి. లింగారావు పటేల్ వంగి వాటినే చూస్తూ, "ఊపిరి పోయింది," అన్నాడు.

"అయ్యో, మా బాపు యాదిగారం పటేలా అది."

"ఫికర్ జెయ్యకు. అంగడి నాడు రా. నీళ్లు చెప్తయి."

వారపు అంగడి నాటికి వాచీ తిరిగి వచ్చింది. మా బాపు బతికుండగా కూడా అంత మంచిగా నడవలేదు. కానీ నాకు కోపం తగ్గలేదు కనుక ఎట్లా బాగైందని అడగలేదు. ఆయన భార్య రాధాబాయి మాత్రం నాకు గది తాళంచెవి ఇస్తూ, "మనిషి మంచోడా కాదా అన్నది గూడ వాచినే అడుగుతడు గీయన. నువ్వు పాసైనవు," అంది.

ఆయనకు ఈ పిచ్చి ఎట్లా పట్టిందో రాధాబాయే చెప్పింది. పెళ్లయిన కొత్తలో బొంబాయి పోయాడట. అక్కడొక దుకాణం అద్దం వెనక గాజు తొట్టి, తొట్టిలో నీళ్లు, నీళ్లలో ఎర్ర చేపలు, చేపల మధ్య ఒక వాచీ. అది నడుస్తోంది. సముద్రంలో మునిగేవాళ్లు కట్టుకునే వాచీ అది. లావుగా, బరువుగా, చుట్టూ పళ్లున్న రింగు, చీకట్లో ఆకుపచ్చగా వెలిగే అంకెలు. పటేల్ పొద్దంతా ఆ అద్దం ముందే నిలబడ్డాడట. ఇంటికొచ్చి నాగలికి కట్టే ఎడ్ల జతను అమ్మేసి, మళ్లీ పోయి అదే వాచీ తెచ్చుకున్నాడు.

"ఎడ్లు పోయినయి, గిది వచ్చింది. దున్నుమంటే దున్నదు," అంటుంది రాధాబాయి.

అసలుది ఒక్కటే కొనగలిగాడు. ఇక ఆ తర్వాతవన్నీ నకిలీలే. బొంబాయి ఫుట్‌పాత్ మీద అచ్చం అట్లాంటివే అమ్ముతారు. లారీ డ్రైవర్లకు చెప్పి తెప్పించుకునేవాడు. తెప్పించి వాటిని అసలు వాటిలాగా, అందులోనూ పాతబడిన అసలు వాటిలాగా తయారుచేసేవాడు. తెల్లగా మెరిసే డయల్‌ను ఛాయ్ డికాక్షన్‌లో నానబెట్టేవాడు. ఆ ఇంట్లో ఛాయ్ పెడితే సగం మనుషులకు, సగం డయళ్లకు. ఒకటి రెండుసార్లు నాకు వచ్చిన కప్పు అడుగున ముల్లు కనబడింది, చేపది కాదు, నిమిషాలది. మిద్దె మీద చల్ల మిరపకాయల పక్కన వాచీల రింగులు రంగు వెలిసిపోవడానికి ఎండుతుండేవి. రాధాబాయి మిరపకాయలనుకుని ఒక రింగును నూనెలో వేయించిందని ఊళ్లో ఒక మాట ఉంది. ఆమె ఒప్పుకోదు.

పని చేసే గదికి కిటికీలు ఎప్పుడూ మూసే ఉండేవి. వెలుగు పడితే రేడియం సంగతి తేలదట. మిట్టమధ్యాహ్నం ఆ గది తలుపు తీస్తే లోపల కటిక చీకటి, ఆ చీకట్లో గోడల నిండా ఆకుపచ్చ కళ్లు. ఏవీ రెప్ప వెయ్యవు. అన్నీ మనవైపే చూస్తుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నేను గడప మీదే కూర్చుండిపోయాను.

ఇది చాలదన్నట్టు పెరట్లో బావి. తయారైన ప్రతి వాచీ పట్టీ ఊడదీసి, వలసంచిలో వేసి, తాడుతో బావిలోకి దింపేవాడు. ఎండ మాడ్చే వేళ, కాకి కూడా అరవని వేళ, బావిలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు పైకి వచ్చేది. రాతిగోడలకు తగిలి వస్తుంది కనుక ఒక్క వాచీ చప్పుడు పది వాచీల పెట్టు ఉండేది. వాడకట్టు ఆడవాళ్లు నీళ్లకు రావడం మానేశారు. "బాయికి గుండె మొలిచింది," అని చెప్పుకునేవారు. వడ్లు కొనడానికి వచ్చిన ఒక సేటు దాహమై బావిలోకి తొంగి చూశాడు. లోపల్నుంచి ఆకుపచ్చ కళ్లు పైకి చూశాయి. సేటు ఒక చెప్పు మన పెరట్లో వదిలి, రెండోది ఎక్కడ వదిలాడో తెలియకుండా పోయాడు.

చివరికి వాడకట్టంతా కలిసి మెట్‌పల్లి దిక్కు నుంచి ఒక మంత్రగాణ్ణి పిలిపించింది. ఆయన నిమ్మకాయలతో వచ్చి, బావి గట్టు మీద కూర్చుని, చాలాసేపు విన్నాడు. లేచి విభూతి దులుపుకుని, "దయ్యమైతే ఉన్నది. కాని మస్తు పాబందుగ ఉన్నది. టైము తప్పుతలేదు. గిసొంటిదాని జోలికి నేను పోను," అని బస్సెక్కాడు.

నా బతుకు ఇంకా ఘోరం. ఒకసారి ఆఫీసు నుంచి వచ్చి కుండలో గ్లాసు ముంచబోతే కుండ టిక్కు టిక్కుమంది. మూత తీసి చూస్తే అడుగున పచ్చటి వెలుగు. కేకేస్తే లింగారావు పటేల్ తాపీగా వచ్చి, "సల్లటి నీళ్లల్ల ఎట్లుంటదో సూద్దామని ఏసిన సారూ. బాయి నీళ్లు జర ఎచ్చగున్నయి," అన్నాడు. ఆ తర్వాత నేను నీళ్లు తాగేముందు కుండకు చెవి పెట్టి వినడం అలవాటు చేసుకున్నాను. మా ఆఫీసులో కూడా కుండకు చెవి పెట్టి మా పెద్దసారు కంటబడ్డాను. ఆయన నన్ను అదోలా చూసి, సెలవు పెట్టుకోమన్నాడు.

ఆ రోజుల్లో మా దిక్కు నుంచి జనం దుబాయి పోవడం జోరుమీదుంది. పోయి వచ్చినవాడు అత్తగారింటికి మొదటిసారి వెళ్లేటప్పుడు మూడు వస్తువులు తప్పకుండా పట్టుకుపోవాలి: టేపురికార్డరు, సెంటు సీసా, చేతికి నీళ్లలో పాడుకాని వాచీ. టేపురికార్డరు కరీంనగర్‌లోనూ దొరుకుతుంది, సెంటు ఎవరైనా పూసుకుంటారు. కనుక మనిషి నిజంగా దుబాయి పోయాడా లేదా అన్నది వాచీయే తేల్చాలి. వాచీని తేల్చేది లింగారావు పటేల్ బావి. బావిలో బతికితే దుబాయిది, చస్తే బొంబాయిది. ఎందరో అత్తలు, బావమరుదులు ఆ పెరట్లో నిలబడి తీర్పు విన్నారు. ఎవరు ఏ వాచీ తెచ్చినా పటేల్ నోట ఒకటే మాట: "అంగడి నాడు రా. నీళ్లు చెప్తయి."

ఒకనాడు మధ్యాహ్నం కూరగాయలమ్మే శంకరవ్వ ఇద్దరు అల్లుళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దల్లుడు హనుమండ్లు పోయినేడు దుబాయి నుంచి వచ్చాడు. వచ్చిన్నాటి నుంచి సెంటు వాసన ముందు, మనిషి వెనక. చిన్నల్లుడు రాములు రెండేళ్ల తర్వాత మొన్ననే దిగాడు. పుట్టింట్లో ఉన్న భార్య లస్మవ్వను తీసుకుపోదామని వచ్చాడు. ఆ పిల్ల మూట కట్టుకుని సిద్ధంగా ఉంటే, హనుమండ్లు అడ్డుపుల్ల వేశాడు.

"వీడు దుబాయి పోలే, ఏం పోలే. బొంబాయిల్నే ఉన్నడు. గా వాచి జూస్తెనే తెలుస్తలేదా?" అన్నాడు హనుమండ్లు.

"పోయొచ్చిన అన్నా," అన్నాడు రాములు. అతని గొంతు అతనికే వినబడనట్టుంది.

శంకరవ్వ నడుముకు కొంగు చుట్టుకుంది. "పటేలా, నాకు లొల్లి వద్దు. గిది దుబాయిదని బాయి చెప్తే నా బిడ్డను ఇయ్యాల్నో రేపో తోలిస్త. బొంబాయిదైతే మాత్రం నా బిడ్డ నా ఇంట్లనే ఉంటది. రెండేండ్లు అవద్ధమాడినోని వెంట నేను పంప."

లింగారావు పటేల్ రాములును చీకటి గదిలోకి తీసుకుపోయాడు. నన్నూ రమ్మన్నాడు, సాక్ష్యానికట. తలుపు మూశాడు. గోడల మీది పచ్చకళ్ల వెలుతురులో రాములు ముఖం పీనుగ ముఖంలా ఉంది. నాది ఎట్లా ఉందో, నయం, నాకు కనబడలేదు. పటేల్ వాచీని చెవికి ఆనించుకుని చాలాసేపు కదలలేదు.

"సముద్రం లేదు," అన్నాడు మెల్లిగా. "ఇసుక గూడ లేదు. సబ్బునీళ్లున్నయి. ఎంగిలి పళ్లాల సప్పుడున్నది. ఎవలో తిడుతున్నరు, హిందీల."

రాములు కింద కూలబడ్డాడు. పైకి ఏడవలేదు, చెప్పుకొచ్చాడు. ఏజెంటు బొంబాయిలో ఒక లాడ్జిలో పడేసి పరారయ్యాడు. ఇంటికి రావడానికి మొఖం చెల్లక ఒక హోటల్లో గిన్నెలు తోమాడు. వచ్చేముందు ఫుట్‌పాత్ మీద ఈ వాచీ కొన్నాడు.

"నకిలీదని చెప్తే లస్మవ్వ ఇగ రాదు పటేలా. మా అత్త రానియ్యది. నాకున్నది గా పిల్లొక్కతే," అన్నాడు.

ఏ మనిషికైనా గుండె కరగాలి కదా. లింగారావు పటేల్ మాత్రం వాచీ పట్టీ ఊడదీస్తూ, "అంగడి నాడు రా. నీళ్లు చెప్తయి," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈ మనిషికి వాచీల మీద ఉన్న జాలి మనుషుల మీద లేదు కదా అనుకున్నాను.

బయటికి వచ్చి, వాకిట్లో మీసం దువ్వుకుంటున్న హనుమండ్లు చెయ్యి పట్టుకుని, అతని వాచీకీ చెవి ఆనించాడు.

"రెండు ఒక్క తీరుగ మాట్లాడుతున్నయి. ఇది గూడ ఏద్దాం బాయిల."

హనుమండ్లు చెయ్యి లాక్కోబోయాడు. "నాదెందుకు పటేలా? నాది అసల్ది."

"అసల్దైతే భయమేంది అల్లుడా? ఇయ్యరాదు," అంది శంకరవ్వ.

హనుమండ్లు చర్మం ఒలిచి ఇచ్చినట్టు వాచీ ఊడదీసి ఇచ్చాడు. ఆ క్షణం నుంచి అతను మీసం ముట్టుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం రాధాబాయి నా చేతికి ఛాయ్ కప్పు ఇచ్చి, "గీయనకు ఇచ్చిరా సారూ. ఇది మనుషుల ఛాయే," అంది. చీకటి గది తలుపు తోశాను. బల్ల మీద చిన్న దీపం కింద పటేల్ వంగి ఉన్నాడు. ఆయన ముందు మూడు వాచీలు వీపులు తెరుచుకుని పడున్నాయి. రెండు అల్లుళ్లవి. మూడోది ఎడ్ల జత పోయి వచ్చిన అసలు వాచీ. ఆయన పట్టుకారుతో దాని గుండె బయటికి తీస్తున్నాడు. అది ఆయన వేళ్ల మధ్య ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

"తలుపు దగ్గరెయ్యి సారూ. దుమ్మొస్తది."

"మీది ఎందుకు ఇప్పిండ్రు పటేలా?"

"రాములు దాంట్ల ఏం లేదు, రేకు డబ్బ. నీళ్లు తగిలితే సచ్చిపోతది. మషీను మార్చాలె. హనుమండ్లు దాని మషీను నయమే, రబ్బరు రింగు ఏస్తే సాలు."

"మరి మీ దాంట్ల?"

"నాకేం తొందర? వరి నాట్లకు వాచి జూసుకుంట పోతమా?"

నేను నిలబడ్డచోటే నిలబడ్డాను. వాచీని ముందు ఇంట్లో ఉంచుకుని, నీళ్లు చొరబడే సందులన్నీ మూసి, లోపల లేనిది పెట్టి, ఆ తర్వాతే బావిలోకి దింపుతాడన్నమాట. అంగడి దాకా గడువు అందుకే. ఈ ఊళ్లో ఆయన నకిలీదని చెప్పిన వాచీ ఒక్కటైనా ఉందా అని గుర్తుచేసుకున్నాను. ఒక్కటీ లేదు.

"మరి నీళ్లు చెప్తయంటిరి?"

ఆయన తలెత్తి నా మీద నిజంగా జాలిపడ్డాడు. "నీళ్లకు నోరుంటదా సారూ? సదువుకున్నోనివి."

"మరి సబ్బునీళ్లు, ఎంగిలి పళ్లాలు?"

"సందులల్ల సబ్బు గడ్డకట్టి ఉన్నది. ముక్కున్నోనికి వాసనొస్తది. హోటల్ల హిందీల తిట్టకుంట ముద్దుపెట్టుకుంటరా?"

నాకు ప్రాణం కుదుటపడింది. ఇన్నాళ్లూ అనవసరంగా భయపడ్డానని నవ్వొచ్చింది. "అయితే మా బాపు వాచీ పెట్టెల బెదిరిందన్నది గూడ గట్లనే కనిపెట్టిండ్రా?"

పటేల్ పట్టుకారు కింద పెట్టాడు.

"లేదు సారూ. గా ముచ్చట మాత్రం వాచే చెప్పింది."

నా నవ్వు సగంలో ఆగిపోయింది. ఆయన మాత్రం మళ్లీ పనిలో పడ్డాడు. రెండు అల్లుళ్ల వాచీలను దీపం కింద పక్కపక్కన పెట్టి చూపించాడు. వీపు రేకుల మీది ముద్ర ఒక్కటే, ఆకురాయి గీతలు ఒక్కటే. ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. హనుమండ్లు వాచీలో వెతికినా ఇసుక రవ్వ లేదు.

"అంటే హనుమండ్లు గూడ...?"

"ఛాయ్ సల్లారుతది, ఇటియ్యి," అన్నాడు పటేల్.

అంగడి నాడు పెరడు నిండిపోయింది. శంకరవ్వ కూరగాయల గంపను కూడా వదిలేసి వచ్చింది. లస్మవ్వ గోడ వారగా మూటతో నిలబడింది. లింగారావు పటేల్ అలవాటుగా తన మణికట్టు చూసుకున్నాడు, అక్కడ ముళ్లు కదలడం లేదు. నన్ను టైమడిగాడు, చెప్పాను. తర్వాత చెయ్యెత్తాడు. అందరూ నోరు మూసుకున్నారు.

బావిలోంచి చప్పుడు వచ్చింది. మొదట రెండు చప్పుళ్లు వేరువేరుగా ఒకదాని వెనక ఒకటి వినిపించాయి. వినగా వినగా రెండూ కలిసిపోయి ఒక్కటే అయ్యాయి. ఎవరో ఆడమనిషి దండం పెట్టుకుంది. నాకు అంతా తెలిసి కూడా మెడ మీద వెంట్రుకలు లేచాయి. రాములు కళ్లు మూసుకుని ఉన్నాడు. పటేల్ తాడు లాగాడు. వలసంచి నీళ్లు కార్చుకుంటూ పైకి వచ్చింది, లోపల రెండు వాచీలు పచ్చగా మెరుస్తూ నడుస్తున్నాయి.

"రెండూ అసల్వే," అన్నాడు పటేల్. "తీస్కోండ్రి ఎవల్ది వాళ్లు."

అల్లుళ్లిద్దరూ ముందుకు వచ్చారు. ఇద్దరి చేతులూ ఒకే వాచీ మీద పడ్డాయి. ఇద్దరూ వెనక్కి తీసుకుని రెండోదాని మీద వేశారు. పట్టీలు లేకపోయేసరికి ఏది ఎవరిదో ఇద్దరికీ తెలియలేదు. అప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చాలాసేపే చూసుకున్నారు.

"ఎవని వాచి ఏదో వానికే తెల్వదా?" అంది శంకరవ్వ.

"ఒక్క దుకాణంల కొన్నయి శంకరవ్వా. గుర్తుపట్టుడు కష్టమే," అన్నాడు పటేల్ అమాయకంగా.

శంకరవ్వ అంగట్లో పుట్టి పెరిగిన మనిషి. "ఒక్క దుకాణమా?" అంటూ పెద్దల్లుడి వైపు తిరిగింది. "మరి వాడు దుబాయే పోలేదంటివి గద. ఇద్దరిదీ ఒక్కటే దుకాణమైతే, వాడు పోకుంటే నువ్వెట్ల పోయినట్టు?"

పెరట్లో జనమంతా హనుమండ్లు వైపు చూశారు. అతని సెంటు వాసన కూడా ఆగిపోయినట్టయింది.

"పోయిండత్తా," అన్నాడు చివరికి. "పోయిండు. గా దుకాణంల నాకు కనవడ్డడు గూడ."

"ఔనత్తా," అన్నాడు రాములు వెంటనే. "బేరం అన్ననే జేసిండు."

"మరి పోలేదని ఎందుకంటివి?"

"నన్ను జూసి గూడ ఇంకోసారి బజార్ల పలకరించకుంట పోయిండు. గా కోపంల అన్న."

"కండ్లల్ల ఇసుక వడ్డదన్నా. కనవడలే," అన్నాడు రాములు.

హనుమండ్లు ఒక వాచీ తీసి తన చేతులతో రాములు మణికట్టుకు కట్టాడు. అది ఎవరిదో ఇద్దరూ పట్టించుకోలేదు. శంకరవ్వ కూతురు తల నిమిరి, గంప యాదికొచ్చి అంగడికి పరుగెత్తింది.

లస్మవ్వ రాధాబాయి దగ్గరికి వచ్చింది. రాధాబాయి బొట్టు పెట్టి, "ఇగ నిమ్మళంగ పోయిరా బిడ్డా. నీ పెనిమిటి దుబాయి పోయొచ్చిండని బాయే చెప్పింది," అంది.

"నాకెర్కనే అమ్మా," అంది లస్మవ్వ నెమ్మదిగా. "వచ్చిన్నాడే చేతులు పట్టుకొని జూసిన. సబ్బునీళ్లకు పాసిపోయి ఉన్నయి. అంట్లు తోమిన చేతులు నాకెర్క లేవా? అదంత మా అవ్వ నమ్మేతందుకు."

లింగారావు పటేల్ చేతిలోని తాడు జారిపోయింది. "మరి ఆయనకు చెప్పకపోతివి?"

"ఎట్ల చెప్పాలె పటేలా? ఎడారిల ఒంటె ఎక్కిన ముచ్చట మస్తు కష్టపడి చెప్తుండు. ఇంక సగమున్నదట. ఇంటికి పోయినంక గా సగం ఇంట."

మూట నెత్తికెత్తుకుని ఆమె పెద్దపల్లి బస్సు దిక్కు నడిచింది. ముందు రాములు పోతున్నాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, ఎదురొచ్చిన ప్రతివాడికీ అడక్కుండానే టైము చెబుతున్నాడు.